జడ్చర్లలో చిన్న వర్క్‌షాపు, ఇస్రో టెండర్ వెయ్యొచ్చా?

ప్రశ్న: అన్నలూ, మాకు రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్లున్నయ్, ఐదుగురం పని చేస్తం. హైదరాబాద్ కంపెనీలకు అల్యూమినియం బ్రాకెట్లు జాబ్‌వర్క్ చేసిస్తున్నం. ఇస్రో టెండర్ నేరుగా వెయ్యాలని ఎన్నాళ్లనుంచో ఆశ. ఈఎండీ, అంటే టెండర్‌తో పాటు ముందే కట్టే ధరావతుకు పైసల్లేవు.

జవాబు, నల్లగొండ నుంచి: వెయ్యి తమ్మీ. ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల సర్కారు నమోదు) చేసుకో, ఉచితమే. తయారుచేసే చిన్న యూనిట్లకు ఈఎండీ మినహాయింపు ఉంది. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు తమ ఏడాది కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలె. తక్కువ కోట్ పెద్ద కంపెనీదైతే, నీ రేటు దానికంటే 15 శాతం లోపు ఎక్కువున్నా, ఆ రేటుకు దిగితే ఆర్డర్‌లో వాటా అడగొచ్చు.

అసలు కష్టం కాగితాలది. నా మొదటి లాట్ వాపస్ పంపిన్రు. కొలతలన్నీ సరిగ్గనే ఉన్నయ్. రాడ్ మీది హీట్ నంబర్‌కూ (ఆ లోహం ఏ విడతలో కరిగించిందో చెప్పే నంబర్), మెటీరియల్ సర్టిఫికెట్‌కూ ఒక్క అంకె తేడా! ఆ రాత్రి నిద్రపట్టలే. ఇప్పుడు రాడ్ కోసే ముందే మిగిలే ముక్క మీద పెయింట్ పెన్నుతో ఆ నంబర్ మళ్లీ రాస్తం.

ఇంకో జవాబు: ఆన్‌లైన్‌ల టెండర్ వేసేందుకు వాడే డిజిటల్ సంతకం గడువు చూసుకో తమ్మీ, మూడో తరగతి (క్లాస్ 3) దే కావాలె. బిల్లు 45 రోజులు దాటితే చిన్న పరిశ్రమల 2006 చట్టం కింద వడ్డీ అడుగు, మొహమాటపడకు.

ప్రశ్న అడిగినాయన: హీట్ నంబర్ సంగతి మాకెవ్వరూ చెప్పలేదన్నా. పొద్దున్నే స్టాక్ మొత్తం చూస్త.