సమస్య: మెమొరి పెంచినంత మిషను కూలె

నిర్వాహకుడు:
మన బెంగళూరు బృందంలో సగం మంది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవాళ్ళే. అందుకే ఈసారి మీ ఇంటి సమస్యే ఇస్తున్నాను. ఆటవెలది నాలుగో పాదం:
"మెమొరి పెంచినంత మిషను కూలె"

మారతహళ్ళి తమ్ముడు:
గురువుగారూ, ఇది నా అనుభవమే. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడుకునే మెమొరి) 8 జీబీ. మనం ఏమీ చెప్పకపోతే జావా అందులో నాలుగో వంతును, అంటే 2 జీబీని, హీప్‌కు (ప్రోగ్రాము తన డేటా దాచుకునే చోటుకు) గరిష్ఠంగా పెట్టుకుంటుంది. ప్రాజెక్టు నడుస్తుండగా 'అవుట్ ఆఫ్ మెమొరీ' వచ్చింది. మర్నాడు డెమో. ఆ టెన్షన్‌లో జావా సెట్టింగులుండే వీఎం ఆప్షన్స్ గడిలో -ఎక్స్ఎంఎక్స్7జీ అని, అంటే హీప్ హద్దు 7 జీబీ అని, కొట్టాను. కాసేపటికి మౌస్ కూడా కదల్లేదు.

ఎనిమి దున్న చోట నేడింటి నడిగితి,
ఇంటి వారి కేమి మిగులు నింక?
డిస్కు నడిగి యప్పు డీలాపడెను గద!
మెమొరి పెంచినంత మిషను కూలె.

నిర్వాహకుడు:
రెండో పాదంలో యతి తప్పింది. నాలుగో గణం 'మిగులు'. 'ఇ'కి 'మి' కుదరదు. "మిగిలె నేమి యింటి మేటి కింక" అనండి, మి-మే సరిపోతాయి. ఇంటి మేటి అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అని అర్థమవుతూనే ఉంది. ర్యామ్ చాలక డిస్కును వాడుకోవడాన్ని అప్పు అనడం నాకు ఎంతో నచ్చింది.

బెల్లందూరు అక్క:
నాకు పట్టింపు 'పెంచినంత' దగ్గరే. ఎక్స్ఎంఎక్స్ పై హద్దు మాత్రమే తమ్ముడూ. హద్దు పెంచగానే జేవీఎం (జావా ప్రోగ్రాముల్ని నడిపేది) 7 జీబీ గుంజుకోదు. మొదలుపెట్టేది ఎక్స్ఎంఎస్ అనే మరో ఆప్షన్‌లో చెప్పినంతతో, ఆపైన అవసరాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నీ ప్రోగ్రామే దాన్ని నింపుతోంది. ఎందుకో చూశావా? నా పూరణ:

చిల్లి కుండ లోన జేరునా నీళ్ళింక?
పోసి చూడు పెద్ద బుంగెడైన!
తప్పు కోడు లోన దాగి యుండగ, నెట్లు
మెమొరి పెంచినంత మిషను కూలె?

తమ్ముడు:
నిజమే అక్కా. మీరు అన్నాక హీప్ డంప్ (హీప్‌లో ఏమేమి ఉన్నాయో చూపే ఫైలు) తీసి చూశాను. ఒక స్టాటిక్ మ్యాప్ (ప్రోగ్రాము నడిచినంతసేపూ ఉండే పట్టిక) వచ్చిన ప్రతి రిక్వెస్టునూ దాచుకుంటూ పోతోంది, తీసేసే కోడు వరుస ఎక్కడా లేదు. అది రాసి, హద్దు మళ్ళీ 2 జీబీకి దించాను. రెండు గంటలుగా ఆగకుండా నడుస్తోంది.

నిర్వాహకుడు:
సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత పద్ధతే అయినా ఇక్కడ చక్కగా అమరిందమ్మా. 'ఇంక' మాత్రం గణం నింపడానికే వచ్చింది. "జేరునా చుక్కైన" అంటే?

అక్క:
తప్పకుండా మారుస్తానండీ. కింద 'బుంగెడైన' ఉంది కదా, రెండూ జతపడ్డాయి.