గ్రాస్ జువెల్‌ని గుర్తుపట్టడం ఎలా? చెలకల్లో ఎక్కడ వెతకాలి?

చెలకబాట:
నల్లగొండ జిల్లాలో చెరువు కట్టకీ చెలకలకీ మధ్య ఉన్న బీడులో చిటికెనవేలి గోరంత సీతాకోకచిలుకలు నేలబారున ఎగురుతున్నాయి. ఇవి గ్రాస్ జువెలా, గ్రాస్ బ్లూలలో ఏదైనానా? ఇలా వాలి అలా లేచిపోతున్నాయి. ఏ గుర్తు చూడాలి? ఏ మొక్క దగ్గర, ఏ వేళలో వెతకాలి? పట్టుకోవడం ఇష్టం లేదు, ఫోటోతోనే తేల్చుకోవాలి.

పల్లేరు:
వెనుక రెక్క అడుగువైపు (రెక్కలు మూసినప్పుడు కనబడే వైపు) చూడండి, మిగతావన్నీ తర్వాత. దాని బయటి అంచున వరుసగా నల్లచుక్కలు, వాటి చుట్టూ నారింజరంగు, చుక్కల్లో నీలి ఆకుపచ్చ లోహపు మెరుపు ఉంటే అది గ్రాస్ జువెలే. రెక్కలు చాపితే 15 నుంచి 22 మిల్లీమీటర్లు. పైవైపు ఆడ, మగ రెండూ గోధుమరంగే. కాబట్టి ఎగిరేటప్పుడు నీలం మెరిసిందంటే దాదాపుగా గ్రాస్ బ్లూ మగదే అనుకోండి.

గ్రాస్ బ్లూలకి అంచున నారింజా ఉండదు, మెరుపూ ఉండదు. వాటిని చుక్కల అమరికతో విడదీయాలి. టైనీ గ్రాస్ బ్లూకి ముందు రెక్క అడుగున, ముందంచుకి ఆనుకుని రెండు సన్నని నల్లటి చుక్కలుంటాయి. లెసర్ గ్రాస్ బ్లూకి వెనుక రెక్క చుక్కల వరుసలో పైనుంచి రెండోది లోపలికి జరిగి, వరుస విరిగినట్టు కనిపిస్తుంది. డార్క్ గ్రాస్ బ్లూకి ఆ వరుస చక్కగా వంపు తిరుగుతుంది, ముందు రెక్క అడుగున మధ్యగదిలోనూ (రెక్క నరాల మధ్య ఉండే పెద్ద గడిలో) ఒక చుక్క ఉంటుంది.

పెసర, అలసంద చేలల్లో తిరిగే గ్రామ్ బ్లూకి కూడా నారింజ కిరీటం పెట్టుకున్న చుక్కలుంటాయి. కానీ అది బాగా పెద్దది, సన్నని తోక ఉంటుంది. జువెల్‌కి తోక ఉండదు.

నీలిమొక్క:
వెతకాల్సింది సీతాకోకచిలుకని కాదండి, మొక్కని. జువెల్ గొంగళిపురుగుకి నీలిమందు మొక్క కుటుంబంలోవి, అంటే ఇండిగోఫెరా మొక్కలు కావాలి. బీళ్ళలో ఎక్కువగా కనబడేది ఇండిగోఫెరా లిన్నేయై: నేలకి అంటుకుని పాకుతుంది, ఒక్కో ఆకుకి ఏడెనిమిది చిరు ఆకులు, ఎర్రని చిన్న పూలు గుత్తిగా. ఇంకొకటి ఇండిగోఫెరా లినిఫోలియా: సన్నని వెండిరంగు ఆకులు, గుండ్రని చిన్న కాయలు. రెండూ గులకరాళ్ళ ఎర్రనేలలో, గొర్రెలు మేసిన పొట్టిగడ్డిలో, బండ్లబాట అంచుల్లో బాగా వస్తాయి. మోకాలెత్తు గడ్డిలో వెతికేవాళ్ళకి జువెల్ దొరకకపోవడానికి కారణం ఇదే, అక్కడ ఈ మొక్కకి ఎండ తగలదు. కలుపుమందు కొట్టిన గట్టు మీద కూడా ఆశ పెట్టుకోకండి.

వానలు పడి నేల పచ్చబడ్డాక, ఎండ కాస్త ఎక్కిన పొద్దున వెళ్ళండి. వేడెక్కడానికి అవి రెక్కలు సగం విప్పి కూర్చునేది అప్పుడే. పూలమొగ్గల చుట్టూ చీమలు పదే పదే తిరుగుతుంటే అక్కడ వంగి చూడండి, గొంగళి ఇచ్చే తీపిరసం కోసం అవి దాని వెంటే ఉంటాయి. ఆ కొమ్మని తెంచకండి.

చెలకబాట:
పల్లేరు గారూ, నా ఫోటోల్లో ఒకదాంట్లో నారింజ అసలే లేదు. అడుగువైపు బూడిద తెలుపు, ముందంచున రెండు చుక్కలు. కాలువ పక్కన నీటిగొబ్బి ఉన్నచోట తీసింది. ఇంకోదాంట్లో నారింజ ఉంది గానీ చుక్కలు ఉత్త నలుపే, మెరుపు లేదు.

పల్లేరు:
మొదటిది టైనీ గ్రాస్ బ్లూ. నీటిగొబ్బి దాని గొంగళి తినే మొక్కే, కాబట్టి చోటు కూడా సరిపోయింది.

రెండోదాన్ని అప్పుడే కొట్టేయకండి. ఆ మెరుపు పొలుసుల వల్ల వచ్చేది. వెలుగు ఒక కోణంలో పడితేనే కనిపిస్తుంది, పక్కకి జరిగితే చుక్క నల్లగానే ఉంటుంది. ముసలిదైతే పొలుసులు రాలిపోయి కూడా ఉండొచ్చు. అదే సీతాకోకచిలుకని కొంచెం కుడి నుంచీ, ఎడమ నుంచీ తీసిన ఫోటోలు ఉంటే పెట్టండి.

నీలిమొక్క:
ఒక మాట కలుపుతాను. మన దగ్గర జువెల్‌లు రెండు రకాలు: ఫ్రెయేరియా ట్రాకైలస్, ఫ్రెయేరియా పుత్లి. వెనుక రెక్క పైవైపు అంచున నారింజ వంపులుంటే ట్రాకైలస్, లేకపోతే పుత్లి. మూసిన రెక్కల ఫోటో ఒక్కటే ఉంటే పేరు ఫ్రెయేరియా అన్నంత వరకే రాసి ఆపేయడం న్యాయం. పొద్దుటి ఎండలో రెక్క విప్పేదాకా ఆగి ఇంకో ఫోటో తీయాలి.

మాక్రోకన్ను:
ఫోటో సంగతి. నిలబడి వంగితే మీ నీడ దాని మీద పడుతుంది, వెంటనే లేస్తుంది. సూర్యుడు మీకు పక్కగా ఉండేలా మోకాళ్ళ మీద జరగండి. లేచినా వెంటపడొద్దు, తరచుగా రెండు మూడు మీటర్ల లోపే వాలుతుంది. కెమెరా ముందువైపు రెక్కకి సమాంతరంగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే సగం చుక్కలు మసకబారతాయి. ఫోన్ అయితే మరీ దగ్గరికి పెట్టకుండా రెండింతలు జూమ్ చేసి, గడ్డిపోచ మీద కాకుండా రెక్క మీదే వేలితో ఫోకస్ పెట్టండి.

కొలత కోసం అది లేచాక, కూర్చున్న ఆకుని స్కేలుతో కొలిచి రాసుకోండి. ఫోటోలో ఆకుతో పోల్చితే మూసిన రెక్క పొడవు తెలుస్తుంది. తేదీ, ఊరు, మొక్క పేరు కలిపి ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తేల్చుకునే వెబ్‌సైటు) పెడితే సరిచూసేవాళ్ళకి పని తేలికవుతుంది.