డబ్బు తక్కువున్న తయారీదారు: పర్మిట్లు కొనాలా, ఫ్యాక్టరీ బాగుచేసుకోవాలా?

తొలిఅడుగు:
ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ ఉద్గారాలకు పరిమితి పెట్టారు. దాటితే ప్రతి టన్నుకూ పర్మిట్, అంటే ఆ టన్ను వదిలేందుకు అనుమతి, కొనాలి. చిన్న తయారీదారుకు ఉన్న డబ్బు ముడిసరుకుకే చాలదు, కొత్త ఫర్నేస్ ఎక్కడ పెడతాడు? ప్రస్తుతానికి పర్మిట్లు కొని నెట్టుకురావడమే మేలంటాను.

లెక్కాపత్రం:
నేను ఒప్పుకోను. పర్మిట్‌కి పెట్టిన డబ్బు ఆ ఏటితో సరి, వచ్చే ఏడు మళ్లీ కొనాల్సిందే. ధరేమో మన చేతిలో ఉండదు. యూరప్ పర్మిట్ల మార్కెట్ 2005లో మొదలైంది. తొలి దశలో అవసరానికి మించి పంచిన పర్మిట్లు తర్వాతి దశకు చెల్లకపోవడంతో 2007లో ధర దాదాపు సున్నాకు పడింది. 2023 ఫిబ్రవరిలో అదే ధర టన్నుకు 100 యూరోలు దాటింది. ఇంత ఊగిసలాటను చిన్న సంస్థ తట్టుకోలేదు.

కొలిమి:
మీరిద్దరూ పెద్ద ఖర్చు దగ్గరే ఆగిపోయారు. కంప్రెసర్ గాలిలో 20–30 శాతం లీకుల్లోనే పోయే ఫ్యాక్టరీలు బోలెడు. సెలవు రోజు మిగతా యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడిపితే ఎంత పోతోందో తేలిపోతుంది. పంపులకు వాల్వ్ బిగించి నీటిని తగ్గించే బదులు మోటారు వేగమే తగ్గించండి. ఎత్తుకు తోసే పని పెద్దగా లేనిచోట, వేగం 80 శాతానికి దించితే కరెంటు దాదాపు సగం చాలు. బాయిలర్ ట్యూబుల మసి, పొలుసు తీయించండి. చిమ్నీలోకి పోయే పొగ వేడి 20 డిగ్రీలు తగ్గితే బాయిలర్ సామర్థ్యం సుమారు ఒక శాతం పెరుగుతుంది.

తొలిఅడుగు:
కొలిమి గారూ, ఇక్కడే చిక్కుంది. యూరప్ పద్ధతిలో పర్మిట్ కట్టాల్సింది మన చిమ్నీ పొగకే. కరెంటు ఆదా విద్యుత్ కేంద్రం లెక్కలోకి పోతుంది. లీకులన్నీ మూసినా నేను కట్టాల్సిన పర్మిట్లు ఒక్కటీ తగ్గవు.

కొలిమి:
నిజమేనండి. కానీ కరెంటు బిల్లులో మిగిలిందే మీ బాయిలర్ పనికి వడ్డీ లేని పెట్టుబడి. దాన్ని వేరే ఖాతాలో వేయండి. రోజువారీ ఖర్చుల్లో కలిస్తే ఆనవాలు కూడా మిగలదు.

గడువుతేదీ:
ప్రభుత్వం నుంచి ఉచితంగా కొన్ని పర్మిట్లు వచ్చేవాళ్లు వాటిని ఇప్పుడే అమ్మి, ఆ డబ్బుతో పని చేయించి, పర్మిట్లు అప్పగించే గడువులోగా తిరిగి కొనుక్కోవచ్చుగా?

లెక్కాపత్రం:
ఆలోగా ధర పెరిగితే? యూరప్‌లో పర్మిట్ తక్కువైన ప్రతి టన్నుకూ కనీసం 100 యూరోల జరిమానా, ఆపైన ఆ పర్మిట్ బాకీ అలాగే ఉంటుంది. దానికన్నా మీ సరుకు కొనే పెద్ద కంపెనీని అడ్వాన్స్ అడగండి. తన సరఫరాదారుల ఉద్గారాలు తగ్గినట్టు చూపించుకోవాల్సిన అవసరం దానికీ ఉంటుంది. ఇంకో మాట. ఉచిత పర్మిట్లు గత ఉద్గారాలను బట్టి ఇచ్చేచోట ముందుగా తగ్గించినవాడికే కోత పడుతుంది, ఇది అన్యాయం. యూరప్ 2013 నుంచి ఉచిత పర్మిట్ల లెక్కకు ఒక్కో రంగంలో మెరుగైన 10 శాతం ప్లాంట్లను కొలమానంగా పెట్టుకుంది. మీ చోట ఏ పద్ధతో చూశాకే డబ్బు తీయండి.

తొలిఅడుగు:
బాయిలర్ పనికి ఒప్పుకుంటున్నాను. ఫర్నేస్ కోసం మాత్రం అప్పు చేయమని ఎవరికీ చెప్పను. దాని వంతు పర్మిట్లు కొనడమే నయం.