పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె, పుస్తకాలు: స్థితిని, విలువను ఎలా నిర్ణయించాలి?

ప్రశ్న (సీతమ్మధార, విశాఖపట్నం):
వాణిజ్య నౌకల్లో ఇంజనీరుగా పనిచేసిన మా మేనమామగారు విదేశీ రేవుల్లో కొని తెచ్చుకున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు అందులోని పాత్రలుగా ఆడే పాచికల ఆట) సామగ్రి ఇప్పుడు మా ఇంటికి చేరింది. అందులో 1983 నాటి ఎర్ర పెట్టె (కొత్తగా ఆడేవారి సెట్), ఆటలో వాడే దేవతల గురించిన ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ అనే గట్టి అట్ట పుస్తకం, కొన్ని పలుచని మాడ్యూళ్లు (ఆడటానికి సిద్ధంగా రాసిన కథల పుస్తకాలు) ఉన్నాయి. పిన్నులు తుప్పుపట్టాయి, పెట్టె మూల ఒకటి చీలింది, మాడ్యూళ్ల అట్టలు ఊడి విడిగా ఉన్నాయి. మరమ్మతు చేయించి అమ్మడం మంచిదా? అసలు వీటి విలువను దేన్నిబట్టి లెక్కగట్టాలి?

జవాబు 1 (ఎంవీపీ కాలనీ):
మరమ్మతు మాట దయచేసి పక్కన పెట్టండి. మాడ్యూళ్ల అట్టలు ఊడిపోలేదు; ఆ రోజుల్లో ఈ ఆటను ప్రచురించిన టీఎస్ఆర్ సంస్థ చాలా మాడ్యూళ్లను అట్ట విడిగా ఉండేటట్లే తయారుచేసింది. అట్ట లోపలివైపు పటాలు ముద్రించేవారు కనుక, ఆట నడిపే వ్యక్తి దాన్ని ఎదురుగా నిలబెట్టుకుని ఇతరులకు కనబడకుండా చూసుకునేవాడు. మంచి ఉద్దేశంతోనే అయినా దాన్ని పిన్నుకొట్టి అతికిస్తే విలువ అక్కడికక్కడే పడిపోతుంది.

ఇక ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ పుటలు లెక్కపెట్టండి. 1980లో వచ్చిన తొలి ముద్రణల్లో 144 పుటలు ఉండేవి. క్తుల్హు, మెల్నిబోనే అనే కాల్పనిక సాహిత్య గాథల అధ్యాయాలను తొలగించిన తరువాత 128 మిగిలాయి. అట్ట బొమ్మ ఒకటే కావడంతో బయటినుంచి తేడా తెలియదు, కానీ సేకర్తలు ఎక్కువ ధర పెట్టేది 144 పుటల ప్రతికే.

ఎర్ర పెట్టె లక్షల ఇళ్లకు చేరినది కాబట్టి పెట్టె ఒక్కటే ఉంటే అరుదైనదేమీ కాదు. అందులో ఆటగాళ్ల పుస్తకం, ఆట నడిపేవారి పుస్తకం, ఆరు పాచికలు, పాచికల అంకెలకు రంగు నింపుకునే క్రేయాన్ ఉండాలి. ఇవన్నీ ఉన్న పెట్టెకే మంచి ధర వస్తుంది.

జవాబు 2 (పెదవాల్తేరు):
పై జవాబుతో ఏకీభవిస్తూనే మన ఊరి వాతావరణం గురించి చెప్పాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి పిన్నులను తినేస్తాయి. తుప్పు కాగితంలోకి దిగి గోధుమరంగు మరకగా మారిందా, పిన్ను మీదే ఆగిందా అన్నది కొనుగోలుదారు మొదట చూస్తాడు. తుప్పు పిన్ను మీదే ఆగితే కదపవద్దని నా సలహా, ఎందుకంటే కొత్త పిన్ను వేసిన పుస్తకాన్ని అనుభవజ్ఞులు వెంటనే గుర్తుపడతారు.

రామబాణం పురుగు తొలిచిన రంధ్రాలను, బూజు చుక్కలను ప్రతి పుటలో వెతకండి. బూజు ఉన్నదాన్ని మిగతావాటినుంచి వేరుచేయండి. కలరా ఉండలు మాత్రం వేయకండి. ఆ వాసన కాగితాన్ని విడువదు, వాసన కూడా స్థితిలో భాగమే. సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టిన డబ్బాలో ఉంచితే చాలు. ఎండలో ఆరబెడితే ఎరుపు వెలిసిపోతుంది. బైండింగ్ చేయిస్తే అంచులు కత్తిరిస్తారు. ఆ నష్టం తిరిగి పూడ్చలేనిది.

జవాబు 3 (మధురవాడ):
ధర విషయంలో ఒకటే మాట: అమ్మేవారు అడుగుతున్న ధరను కాదు, వేలం వెబ్‌సైట్లలో నిజంగా అమ్ముడుపోయిన ధరలనే చూడండి. అవి కూడా మీ ప్రతి స్థితికి సమానమైనవే అయివుండాలి. పెన్సిల్ గీతలను తేలికపాటి రబ్బరుతో తుడవవచ్చని కొందరు అంటారు, కానీ నిగనిగలాడే కాగితం మీద ఆ పని చేస్తే మెరుపు పోయి గీతకంటే వికారమైన మచ్చ మిగులుతుంది కనుక నేను ఒప్పుకోను. చీలిన మూలను, తుప్పును పగటి వెలుగులో దగ్గరగా ఫొటో తీసి ప్రకటనలోనే చూపండి. కొనేవారిలో ఎక్కువమంది విదేశీయులు కాబట్టి బరువైన పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం పోను చేతికి ఎంత వస్తుందో ముందే లెక్కవేయండి.

ప్రశ్న వేసినవారు:
పుటలు 144 ఉన్నాయి. క్రేయాన్ ఉంది, పాచికల్లో ఒకటి లేదు. అన్నీ కలిపి అమ్మాలా?

జవాబు 1:
‘డీటీస్’ను విడిగా అమ్మండి. లేని పాచిక స్థానంలో మరొకటి పెట్టి సంపూర్ణమని రాయకండి. ఐదే ఉన్నాయని చెప్పి ఎర్ర పెట్టెను, మాడ్యూళ్లను ఒకే లాటుగా పెట్టండి.