పార్శిల్ ఎవరూ తీసుకోక తిరిగొస్తే పోస్టేజీ ఎవరు పెట్టుకోవాలి?

మంగళగిరి_మగ్గం:
అందరికీ నమస్తే. వాట్సాప్‌లో 2,850కి ఒక మంగళగిరి పట్టుచీర అమ్మాను. ఫ్రీ షిప్పింగ్ అని పెట్టాను. ఆయన యూపీఐలో ముందే డబ్బు వేశారు, స్పీడ్ పోస్టులో వైజాగ్ పంపాను. పోస్ట్‌మన్ ఫోన్ చేశాడట, ఎత్తలేదట. పోస్టాఫీసులో వారం ఉంచి, కవరు మీద ఎర్ర సిరాతో ‘అన్‌క్లెయిమ్డ్’ అని గీకి వెనక్కి పంపేశారు. ఇప్పుడాయన “చీర వద్దు, మొత్తం డబ్బు వేసెయ్యండి” అంటున్నారు. పోస్టేజీ పట్టుకుని మిగతాది ఇవ్వొచ్చా? ప్యాకింగ్ ఖర్చు కూడా పట్టుకోవచ్చా?

ఆవకాయ_అత్తయ్య:
నీది నయం తల్లీ, చీర మడత విప్పకుండా ఇంకొకరికి అమ్ముకుంటావు. మా పచ్చళ్ళ గతి చూడు. క్యాష్ ఆన్ డెలివరీలో పంపితే పోను ఛార్జీ, రాను ఛార్జీ రెండూ కొరియర్ వాడు నా వాలెట్లోంచే లాగేశాడు. ఎండలో ఊళ్ళు తిరిగి మూత దగ్గర నూనె కారి, అట్టపెట్టె అడుగు చేత్తో పట్టుకుంటే ఊడొచ్చింది. ఆ ఆవకాయ ఎవరికి అమ్మను? మా ఇంట్లో ఇంకా అదే తింటున్నాం. అప్పట్నుంచి 200 అడ్వాన్సు పడితేనే పెట్టెకి టేపు వేస్తున్నా.

కొనేవాణ్ణి_నేను:
అందరూ అమ్మేవాళ్ళే తయారయ్యారు. “ఫోన్ చేశాడట” అంటే ఎవరు చూశారు? నేను ఇంట్లో టీవీ చూస్తుంటే “కస్టమర్ అందుబాటులో లేరు” అని మెసేజ్ వస్తుంది. మేడ మీదకి ఎక్కడానికి బద్ధకం. దానికి నేను పోస్టేజీ కట్టాలా?

రిటైర్డ్_సార్టర్:
కొరియర్ కుర్రాళ్ళనీ పోస్ట్‌మన్లనీ ఒకే గాటన కట్టకండి సార్. తలుపు తాళం వేసి ఉంటే చీటీ వదిలి వస్తాం, పార్శిల్ ఏడు రోజులు ఆఫీసులో ఉంటుంది. ఆధార్ కార్డు చూపించి తెచ్చుకోవచ్చు. ఆ ఏడు రోజుల్లో ఆయన గడప దాటలేదా?

కొనేవాణ్ణి_నేను:
చీటీ! మా అపార్ట్‌మెంట్లో ఇన్నేళ్ళలో ఒక్క చీటీ చూసిన పాపాన పోలేదు.

రిటైర్డ్_సార్టర్:
మీ వాచ్‌మన్‌ని అడగండి. అడ్రసులో ఫ్లాట్ నంబరు రాయరు, ‘రామాలయం వెనక’ అని రాస్తారు. ఆ రామాలయం వెనక నాలుగు వందల ఇళ్ళుంటాయి.

కరీంనగర్_పోరడు:
అన్నా, పోస్ట్‌మన్ల ముచ్చట పక్కకు పెట్టుండ్రి. ఆమె అడిగింది పైసల సంగతి. నేనైతే ఫోన్ కవర్లు అమ్ముత. పదిట్ల మూడు వాపస్ అస్తయ్. ఆర్డర్ పెట్టినోడు పండుకున్నంక మర్చిపోతడు. మంది సొమ్ముతోని ఆటలు. నంబర్ బ్లాక్ చేసుడే మందు.

లా_పాయింటు_రావు:
ఇక్కడ ఎవరికీ చట్టం తెలిసినట్టు లేదు కాబట్టి చెబుతున్నాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 44వ సెక్షన్. అమ్మినవాడు సరుకు ఇవ్వడానికి సిద్ధంగా ఉండి, తీసుకోమని అడిగాక కూడా కొన్నవాడు సమంజసమైన గడువులో తీసుకోకపోతే, ఆ నష్టం కొన్నవాడిదే. సరుకు భద్రపరిచినందుకు తగిన ఖర్చు కూడా అడగొచ్చు. నేను ఇలాంటివి చాలా చూశాను.

కొనేవాణ్ణి_నేను:
2020 ఈ-కామర్స్ రూల్స్ కూడా చూడండి రావుగారూ. రద్దు చేసుకున్నందుకు కస్టమర్ దగ్గర ఛార్జీ వసూలు చేయకూడదు.

లా_పాయింటు_రావు:
సగం చదివి రాకండి. అమ్మే కంపెనీ తనంతట తాను రద్దు చేసినప్పుడు అలాంటి ఛార్జీ తానూ భరించేటట్టయితే వసూలు చేయొచ్చని అందులోనే ఉంది. అయినా ఇక్కడ రద్దు ఎక్కడుంది? డబ్బు కట్టాడు, సరుకు ఊరి పోస్టాఫీసు దాకా వెళ్ళింది, ఆయనే వెళ్ళలేదు. అమ్మా మంగళగిరీ, “పార్శిల్ మీ పోస్టాఫీసులో ఉంది, తీసుకోండి” అని మీరు మెసేజ్ పెట్టారా లేదా? అసలు కీలకం అది.

ఆవకాయ_అత్తయ్య:
వంద రూపాయల పోస్టేజీకి కోర్టుకెళ్తే వకీలు ఫీజు ఎవరు పెట్టుకుంటారు నాయనా?

లా_పాయింటు_రావు:
కోర్టుకెళ్ళమని నేనన్నానా? సెక్షన్ నంబరు చెబితే ఎదుటివాడు తగ్గుతాడు. మీకు పచ్చడి తెలుసు, నాకు ఇది తెలుసు.

పాత_పుస్తకాలు:
ఒకప్పుడు వీపీపీలో పుస్తకాలు పంపేవాళ్ళం. పోస్ట్‌మన్ డబ్బు తీసుకుని కట్ట ఇచ్చేవాడు, ఆ డబ్బు మాకు మనియార్డరుగా వచ్చేది. జీతాలు పడకముందు పంపితే కట్టలు కట్టలు తిరిగొచ్చేవి. అందుకే ఒకటో తారీఖు చూసుకుని పోస్టు చేసేవాళ్ళం. రాను ఛార్జీ అడిగేవాళ్ళు కాదు, పోను ఖర్చు మాత్రం గంగలో పోసినట్టే.

ఏటికొప్పాక_బొమ్మలు:
పోస్టు వాళ్ళు నయమండీ. మాది చెక్క బొమ్మలు, తూస్తే కిలోన్నర. పెట్టె 40 x 30 x 25 సెంటీమీటర్లు. కొరియర్ వాడు అసలు బరువు వదిలేసి పెట్టె సైజుని బట్టి బరువు కడతాడు: మూడూ గుణించి 5000తో భాగిస్తాడు, ఆరు కిలోలు. వెళ్ళేటప్పుడు ఆరు కిలోలకి, వచ్చేటప్పుడు ఆరు కిలోలకి. తెచ్చి ఇచ్చేసరికి లక్క రంగు గీరుకుపోయి ఉంటుంది. అసలు గొడవ పెట్టె సైజులో ఉంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు.

కరీంనగర్_పోరడు:
చిన్న డబ్బల పెట్టు అన్నా.

ఏటికొప్పాక_బొమ్మలు:
చిన్న పెట్టెలో బండి బొమ్మ చక్రం విరుగుతుంది తమ్ముడూ. ఫోన్ కవర్ కాదు ఇది.

ఫ్రిస్కో_కోడలు:
అమెరికాకి పంపేవాళ్ళకి ఒక మాట. కస్టమ్స్ ఫారంలో, అందకపోతే తిరిగి పంపాలా వదిలేయాలా అని ఒక గడి ఉంటుంది. అమ్మ అది చూడకుండా ‘తిరిగి పంపు’ టిక్ పెట్టింది. నేను అప్పుడు ఇల్లు మారాను. సున్నుండలు సముద్రాలు దాటి మళ్ళీ తెనాలి చేరాయి, పైగా తిరుగు ఛార్జీ అమ్మ దగ్గరే వసూలు చేశారు.

రిటైర్డ్_సార్టర్:
ఇంకోటి. 2025 అక్టోబరు నుంచి స్పీడ్ పోస్టులో ఓటీపీ డెలివరీ పెట్టారు, వస్తువుకి 5 రూపాయలు, పైన జీఎస్టీ. అది తీసుకుంటే చేతికి ఇవ్వలేదనీ ఎవరికో ఇచ్చారనీ గొడవ ఉండదు.

కొనేవాణ్ణి_నేను:
ఓటీపీ ఇంకోటా! మా అమ్మకి ఫోన్లో నంబరు చదవడమే రాదు.

మంగళగిరి_మగ్గం:
రావుగారూ, మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులున్నాయి, జవాబు లేదు. మా పోస్టాఫీసులో తిరుగు ఛార్జీ అడగలేదు కాబట్టి పోను పోస్టేజీ ఒక్కటే పట్టుకుని మిగతాది వేసేశాను. “ఫ్రీ అన్నారు కదా” అని ఆయన తగులుకున్నారు. చీర మీరు ఉంచుకుంటే ఫ్రీ అని చెప్పాను. ఇప్పుడు పోస్టర్లో కూడా అదే రాశాను: తీసుకోక తిరిగొస్తే పోను పోస్టేజీ మినహాయిస్తాం, మళ్ళీ పంపాలంటే మళ్ళీ పోస్టేజీ వేయాలి. ప్యాకింగ్ గురించి ఎవరూ చెప్పలేదు.

ఆవకాయ_అత్తయ్య:
ప్యాకింగ్ వదిలెయ్ తల్లీ, గట్టిగా అడిగితే ఉన్న పేరు కూడా పోతుంది. ఆ చీర రంగేంటి?

లా_పాయింటు_రావు:
ప్యాకింగ్ కూడా 44 కిందకే వస్తుందని నా వాదన. వదలొద్దు.

కరీంనగర్_పోరడు:
సార్, మరి వాపస్ వచ్చిన డబ్బల మన సామాను కాకుండ ఇటుక పెడ్డ ఉంటే ఏ సెక్షన్? నాకు మొన్న గట్లనే అచ్చింది.