ఉక్కపోత రోజుల్లో కెమెరా ఏసీ గదిలో ఉండాలా, బయట ఉండాలా?

తొలికిరణం

ఏసీ గదిలో కెమెరా పెట్టడమే తప్పని నా అభిప్రాయం. కాదంటే ఎందుకో చెప్పండి.

నిన్న తెల్లవారుజామున పక్షుల కోసం వెళ్ళాను. బ్యాగులోంచి కెమెరా తీసిన అర నిమిషంలో లెన్స్ ముందు గాజంతా ఆవిరి పట్టి తెల్లగా అయిపోయింది. తుడిచాను, మళ్ళీ పట్టింది. ఇంకోసారి తుడిచాను, మళ్ళీ అంతే. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న పక్షి ఎదురుగా కొమ్మ మీద కూర్చుని, నేను గాజు తుడుచుకుంటూ ఉండగానే ఎగిరిపోయింది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ బాధ పోలేదు. లెన్స్ తేటపడటానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, ఆ లోపు వెలుతురు మారిపోయింది. రాత్రి కెమెరాని ఏసీ లేని గదిలో ఉంచి ఉంటే ఇదంతా జరిగేదే కాదు కదా. మరి అందరూ కెమెరాని చల్లగా ఉంచమని ఎందుకంటారు?

పాతకటకం

మీ బాధ అర్థమైంది, కానీ మీరు చెప్పే దారిలో దీనికన్నా పెద్ద నష్టం ఉంది. ఆవిరి అరగంటలో పోతుంది, ఫంగస్ పోదు. ఒక వానాకాలమంతా నా లెన్స్ ఒకటి ఏసీ లేని గదిలో, మూసిన బీరువాలో ఉండిపోయింది. తీసి లైటు వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లాంటి గీతలు. విప్పి శుభ్రం చేయించాను. పోగులు పోయాయి గానీ గాజు మీది పల్చటి పూతని, అంటే కోటింగ్‌ని, తినేసిన చోట మచ్చలు అలాగే ఉండిపోయాయి, వెలుతురుకి ఎదురుగా తీస్తే ఇప్పటికీ ఫోటోలో తెలుస్తుంది. గాలిలో తేమ వారాల తరబడి 60, 70 శాతం పైన ఉంటే ఫంగస్ పెరగడానికి అది చాలు. ఏసీ గాలిని చల్లబరుస్తూ అందులో నీటిని కూడా తీసేస్తుంది, బయట పైపులోంచి కారేది ఆ నీళ్ళే. అందుకే నేను ఏసీ గది అనే అంటాను. బయటికి వెళ్ళేముందు అరగంట ఓపిక పట్టడం పెద్ద కష్టం కాదు.

తొలికిరణం

ఆ అరగంటే నాకు దొరకదండీ. పక్షులు కనిపించే సమయమే గంట.

చీకటిగది

మీరిద్దరూ చల్లదనాన్నీ పొడిదనాన్నీ ఒకటిగా చూస్తున్నారు, గొడవంతా అక్కడే వస్తోంది. లెన్స్‌కి హాని చేసేది తేమ. ఆవిరి పట్టించేది గాజు చల్లగా ఉండటం. ఈ రెండూ వేరు.

వాతావరణ యాప్‌లలో డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. గాజు వేడి ఆ అంకెకన్నా తక్కువగా ఉంటే ఆవిరి పడుతుంది, ఎక్కువగా ఉంటే పట్టదు, అంతే. తెల్లవారుజామున బయట 27 డిగ్రీలు, తేమ 90 శాతం ఉందనుకోండి, డ్యూ పాయింట్ 25 దాటుతుంది. 22 డిగ్రీల గదిలోంచి తెచ్చిన గాజు తప్పకుండా చెమరుస్తుంది, అది 25 దాటి వేడెక్కేదాకా ఎన్నిసార్లు తుడిచినా లాభం లేదు. అదే మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండలో తేమ 50 శాతమే ఉంటే డ్యూ పాయింట్ 22 దగ్గరే ఉంటుంది, అదే లెన్స్‌కి ఏమీ పట్టకపోవచ్చు, పట్టినా కాసేపే. ఎండ మండిపోతున్నప్పుడు బాగానే ఉండి, చల్లగా అనిపించే తెల్లవారుజామునే ఇబ్బంది రావడం చూసి చాలామంది తికమక పడతారు. కారణం ఇదే.

కాబట్టి తొలికిరణం గారు ఏసీ వద్దనడంలో తప్పు లేదు, పాతకటకం గారి భయంలోనూ తప్పు లేదు. గాలి చొరబడని మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ (తేమని పీల్చే గింజలు), చిన్న తేమ మీటరు వేసి, ఆ డబ్బాని ఏసీ లేని గదిలో పెట్టండి. లోపల తేమ 40 నుంచి 50 మధ్య ఉంటే ఫంగస్ భయం ఉండదు, కెమెరా గది వేడిలోనే ఉంటుంది కాబట్టి బయటికి తెస్తే ఆవిరీ పట్టదు.

పాతకటకం

డబ్బా మంచిదే, కాదనను. కానీ జెల్ తేమతో నిండిపోయాక కూడా అలాగే వదిలేసేవాళ్ళని చాలామందిని చూశాను. అప్పుడు ఆ డబ్బాకి, నా బీరువాకి తేడా ఏముంటుంది? ఏసీ గదికి ఆ మతిమరుపు బెడద లేదు.

నీటిచుక్క

నేను ఫంక్షన్ ఫోటోలు తీస్తాను, చల్లటి హాల్లోంచి ఆరుబయటికి రోజుకి పదిసార్లు తిరగాలి, డబ్బా మాట నాకు కుదరదు. నాకు పనికొచ్చింది జిప్ కవరు. హాల్లో ఉండగానే, అక్కడి పొడి గాలితోనే కెమెరాని కవర్లో పెట్టి గట్టిగా మూసేస్తాను. బయటికెళ్ళాక ఆవిరి కవరు పైన పడుతుంది, లోపల గాజు పొడిగానే ఉంటుంది. ముఖ్యం ఏమిటంటే వేడెక్కేదాకా తెరవకూడదు, తొందరపడి ఒక్కసారి తెరిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

మెత్తటి కెమెరా బ్యాగులోనే ఉంచి గంట ఆగితే చాలు అనే సలహా మాత్రం నాకు నచ్చదు. బ్యాగులో స్పాంజి వేడిని ఆపుతుంది. గంట తర్వాత తీసినా నా పెద్ద జూమ్ చేతికి చల్లగానే తగిలింది, వెంటనే ఆవిరి పట్టింది. పల్చటి కవరు తేమని ఆపుతుంది, వేడిని రానిస్తుంది. బ్యాగు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తుంది.

రాత్రిఆకాశం

నక్షత్రాల ఫోటోలు తీసేవాళ్ళకి ఇది ఇంకో రకంగా వస్తుంది. రాత్రంతా ఆకాశం వైపు తిప్పి పెట్టిన గాజు తన వేడిని ఆకాశానికి వదిలేసుకుంటూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది, ఏసీ గదితో సంబంధం లేకుండానే చెమరుస్తుంది. మేము లెన్స్ చుట్టూ హీటర్ పట్టీ కడతాం, పవర్ బ్యాంకుతో నడుస్తుంది. గాజుని డ్యూ పాయింట్‌కన్నా రెండు మూడు డిగ్రీలు పైన ఉంచితే చాలు, ఎక్కువ వేడి అక్కర్లేదు. తొలికిరణం గారు బయల్దేరేముందు ఇంట్లోనే పట్టీ కట్టి పావుగంట ఉంచి చూడండి.

చీకటిగది

పట్టీ సరే. ఇది చదివి ఎవరైనా హెయిర్ డ్రయ్యర్ తీస్తారేమోనని భయంగా ఉంది. దయచేసి వద్దు. గాజులని అతికించిన జిగురు, లోపలి గ్రీజు ఆ వేడిని తట్టుకోడానికి చేసినవి కావు, ఒకేసారి ఒకే చోట అంత వేడి తగిలితే పాడవుతాయి. ఎండలో ఆపిన కారులో వేడెక్కనిద్దాం అనుకునేవాళ్ళకీ అదే మాట, చాలా కెమెరాలకి తయారీదారులు చెప్పే హద్దు 40 డిగ్రీలే. కారులో వెళ్తుంటే చేరడానికి ఇరవై నిమిషాల ముందు ఏసీ ఆపేసి అద్దాలు దించండి, అది చాలు.

తొలికిరణం

హెల్మెట్ అద్దానికి రాసే ఆవిరి పట్టని ద్రవం ఉంటుంది కదా, అది రాస్తే?

నీటిచుక్క

లెన్స్ మీద అస్సలు రాయొద్దు. కోటింగ్ మీద పొరలా ఉండిపోతుంది, దీపాల చుట్టూ మసక వస్తుంది. చవక ఫిల్టర్ మీద రాసుకోవచ్చు గానీ ఫోటోలో పదును కాస్త తగ్గుతుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. పైన పట్టిన ఆవిరికి భయపడక్కర్లేదు, లోపల పట్టినదానికి భయపడాలి. కెమెరా బాడీ చల్లగా ఉండగా బయట లెన్స్ మార్చాను, తడి గాలి నేరుగా లోపల ఫోటోని పట్టే సెన్సర్ మీదకి వెళ్ళింది. ఆరిపోయింది గానీ మరకలు మిగిలాయి, శుభ్రం చేయించాల్సి వచ్చింది. జూమ్ తిప్పితే గొట్టం బయటికొచ్చే లెన్స్‌లు గాలిని లోపలికి పీల్చుకుంటాయి, కాబట్టి గాజు చల్లగా ఉన్నంతసేపు జూమ్ కూడా తిప్పొద్దు. వానకి తట్టుకునే లెన్స్ కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు, ఆ రబ్బరు చుక్కలని ఆపుతుంది, గాలిలో తేమని కాదు.

పాతకటకం

ఈ చివరి మాట నిజం. లోపల ఆవిరి పట్టిన లెన్స్‌ని అలాగే బ్యాగులో మూసి పెట్టేస్తే ఫంగస్‌కి మనమే చోటిచ్చినట్టు. ఇంటికొచ్చాక అన్నీ బయట పెట్టి ఆరనివ్వాలి, ఆ తర్వాతే మూయాలి. అయినా నాది ఏసీ గదే. డబ్బా సంగతి మీరు మూడు నెలలు వాడి చెప్పండి, అప్పుడు చూద్దాం.

తొలికిరణం

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పెద్ద లెన్స్‌ని డబ్బాలో పెట్టి ఏసీ లేని గదిలో ఉంచాను, చిన్నదాన్ని ఏసీ గదిలోనే జిప్ కవర్లో పెట్టాను. పొద్దున రెండూ ఒకేసారి బయటికి తెచ్చాను. పెద్దదానికి ఏమీ పట్టలేదు, దిగిన వెంటనే ఫోటోలు తీశాను. చిన్నదాని కవరు మాత్రం పైనంతా నీళ్ళు కారేలా తడిసింది, నలభై నిమిషాలు ఆగి తెరిస్తే గాజు తేటగా ఉంది. అంటే నీటిచుక్క గారి పద్ధతి పనిచేస్తుంది, కానీ నా సమయం దానికి సరిపోదు. నేను డబ్బాకే మారుతున్నాను.

పాతకటకం గారి భయం కూడా అప్పుడే కనిపించింది. డబ్బాలో మీటరు ఇవాళ పొద్దున 58 చూపించింది, నారింజ రంగు జెల్ అంతా ఆకుపచ్చగా మారిపోయింది. రోజూ పొద్దున, సాయంత్రం మూత తీస్తున్నాను కదా, ఇంత త్వరగా నిండుతుందని అనుకోలేదు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర పెట్టాను, చల్లారాక మళ్ళీ వేస్తాను. ఈసారి రెట్టింపు జెల్ వేసి, అంకె ఎక్కడికి దిగుతుందో రాత్రికి చెప్తాను.