ఆయిల్ బావులు తవ్వితే బోరు నీళ్ళు పాడవుతాయా? మీరేమంటారు?

గోదారిగట్టు (పెరంబూర్): మాది కోనసీమ, చెన్నై వచ్చి పదకొండేళ్ళు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ బోరు నీళ్ళతో పప్పు పెట్టింది, గంటైనా పలుకు పలుకుగానే ఉంది, పంపు మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) మీటరు పెడితే లీటరుకి 2300 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళకి 500 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మా చేను అవతల గ్యాస్ బావి ఉంది. నా అనుమానం దాని మీదే.

రిగ్గుమనిషి (అడయార్): అన్నా, నేను పద్నాలుగేళ్ళు రిగ్గుల (ఆయిల్ బావులు తవ్వే యంత్రాల) మీద చేశా. మీ బోరు వంద రెండొందల అడుగులు, బావి కిలోమీటర్ల లోతు. మంచినీటి పొర దాటేదాకా ముందు స్టీలు కేసింగ్ (గొట్టం) దింపి చుట్టూ సిమెంట్ పోసి, అది గట్టిపడ్డాకే కిందికెళ్తాం. సముద్రం పక్కన అందరూ బోర్లు తోడేస్తుంటే ఉప్పునీరు రాక ఏమవుద్ది, పైగా రొయ్యల చెరువులు.

గోదారిగట్టు: చెరువుల మాట కాదనను తమ్ముడూ. కానీ అన్నీ పద్ధతిగా జరిగితే 1995 జనవరిలో మా కోనసీమలోనే పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు ఎందుకు మండింది?

తండయార్‌పేటమ్మాయి: లోతు గురించే మాట్లాడుతున్నారు, మా వీధి సంగతి వినండి. 2013లో ఇక్కడ బోర్లలోంచి పెట్రోలు వాసన, బకెట్లో నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. బావీ లేదు రిగ్గూ లేదు, భూమిలో పాతిన పైపు కారింది, అంతే. నూనెతో పాటు పైకొచ్చే ఉప్పునీళ్ళు, మడ్డి గుంటలు, పైపులు, నా భయమంతా పైనుండే వీటి గురించే. కావేరీ డెల్టాలో 2020 చట్టంతో కొత్త బావులు ఆపారు కానీ పాతవి నడుస్తూనే ఉన్నాయి కదండీ.

రిగ్గుమనిషి: అది నిజమే అక్కా, ఆ నీళ్ళు మళ్ళీ లోతుకే పంపాలి, కాలవలోకి వదిలితే నేరమే. సిమెంట్ కూడా ఏళ్ళు గడిస్తే పగుళ్ళిస్తుంది, ఒప్పుకుంటా. అన్నా, టీడీఎస్ ఒక్కటీ చూస్తే సముద్రం ఉప్పో బావి ఉప్పో తేలదు. ఆ తేడా పట్టించే బ్రోమైడ్, బేరియం, కరిగిన మీథేన్ కూడా ల్యాబులో చూపించండి.

గోదారిగట్టు: చూపిస్తా. కానీ తవ్వకముందు మా బోర్ల నీళ్ళెలా ఉన్నాయో రాసిన కాగితం ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు, ఇప్పుడు దేంతో పోల్చాలి? ముందే పరీక్ష చేసి పంచాయతీ గోడకి అంటించాలని పట్టుబడదాం, ఆ తర్వాతే రిగ్గు దిగాలి. ఈలోపు అమ్మ ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని పప్పు వండుకుంటోంది.